వెనక్కమ్మ ముందుకు రమ్మన్న రోజు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, సముద్రపు గస్తీ కేంద్రంలో ఎవరి నోటా అది వినిపించేది కాదు. వంటగదిలో టీ కాచే మనిషి దగ్గర్నుంచి గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే జవాను దాకా అందరికీ ఆమె వెనక్కమ్మే. చేసే ఉద్యోగం అలాంటిది మరి. అవతలి దేశపు సైనిక విమానం సముద్రం మీదుగా తమ తీరం వైపు వచ్చినప్పుడల్లా ఆమె మైకు ముందుకు జరిగి, వాళ్ల భాషలో, "మీరు మా ప్రాదేశిక జలాలకు దగ్గరవుతున్నారు. వెనక్కి తిరగండి" అనాలి. వినకపోతే ఇంకోసారి అనాలి. అంతకు మించి ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు.

"పాలగిన్నె మీదకొచ్చే పిల్లినే వెనక్కి పంపలేవు, నువ్వు విమానాల్ని పంపుతావా?" అని ఇంట్లో వాళ్లమ్మ ఆటపట్టించేది.

ఆ మాటకు అల్లుడు పడీపడీ నవ్వేవాడు. అల్లుడంటే వెనక్కమ్మ భర్త. దర్జీ. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. కుట్టు మిషను తొక్కుతున్నంతసేపూ ఆయన నోరు కూడా ఆడుతూనే ఉండేది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాడు ఊళ్లో సంగతులన్నీ విని గానీ మెట్లు దిగేవాడు కాదు. కూతురు కాలేజీ హాస్టల్లో ఉండేది. ఇంట్లో మిగిలింది ఆలుమగలిద్దరూ, అత్తగారూ. ఆ అత్తగారు పుట్టింది అవతలి తీరాన. ఒకప్పుడు రెండు తీరాల మధ్యా రోజూ ప్రయాణికుల పడవ తిరిగేది. ఆ పడవ మీదే పెళ్లికూతురిగా వచ్చి ఇక్కడ దిగింది. కూతురు వెనక్కమ్మకు పాలతో పాటు తన భాష కూడా పట్టింది.

ఆ భాషే వెనక్కమ్మకు అన్నం పెట్టింది. పెళ్లి కాకముందు రేవులో మైకు పట్టుకుని, పడవ ఎప్పుడు బయల్దేరుతుందో, సామాన్లు ఎక్కడ పెట్టాలో రెండు భాషల్లోనూ చెప్పేది. తర్వాత రెండు దేశాలకీ చెడింది. చేపల వేట దగ్గర మొదలైన గొడవ చిలికి చిలికి గాలివాన అయింది. పడవ ఆగిపోయింది. రేవు మూతపడ్డాక కొన్నాళ్లు ఆమె భర్త పక్కన కూర్చుని గుండీలు కుట్టింది. ఇంతలో గస్తీ కేంద్రానికి అవతలి భాష తెలిసిన మనిషి కావలసి వచ్చిందని తెలిసి వెళ్లింది. మునుపు అదే భాషలో "రండి, రండి, జాగ్రత్తగా ఎక్కండి" అన్న గొంతు, ఆ రోజు నుంచి "వెనక్కి తిరగండి" అనడం మొదలుపెట్టింది.

మొదట్లో ఆమెకు ఒక విషయం అంతు పట్టలేదు. తాను చెప్పినా అవతలి వాళ్లు భయపడి పారిపోయేవారు కాదు. తీరిగ్గా తమ మాట తాము చెప్పేవారు. "మేము అంతర్జాతీయ సముద్రం మీద చట్టబద్ధంగా ఎగురుతున్నాం." ఆ మాట కూడా ఎప్పుడూ మారేది కాదు. డ్యూటీ అధికారి ఒకసారి టీ తాగుతూ విడమరిచి చెప్పాడు. ఆయన కుర్రతనంలో విమానాలు నడిపినవాడు, మోకాలు దెబ్బతిని కుర్చీకి పరిమితమైనవాడు.

"చూడండమ్మా, తీరం నుంచి కొంత దూరం దాకా నీళ్లు మనవి. ఆ గీత దాటితే ఎవరివీ కావు, అందరివీ. వాళ్లు గీతకి అటువైపు నుంచే మనల్ని చూసి పోతారు. మన రాడార్లు ఎక్కడున్నాయి, ఓడలు ఎన్ని కదిలాయి, అదీ వాళ్లకి కావాల్సింది. మనవాళ్లూ వాళ్ల తీరానికెళ్లి అచ్చం అదే పని చేస్తారు. అక్కడా మీలాంటి ఆవిడ ఒకరు కూర్చుని మనవాళ్లని వెనక్కి పొమ్మంటూనే ఉంటారు."

"అయితే ఇదంతా ఎందుకు సార్?"

"పక్కింటాయన గోడ మీంచి తొంగి చూస్తే మనం దగ్గుతాం కదా. ఇదీ అంతే. చూశాం సుమా అని చెప్పడం."

అప్పట్నుంచి వెనక్కమ్మకు ఆ పని తేలికైంది. దగ్గడమే కదా అనుకునేది. అవతలి గొంతులు కూడా అలవాటైపోయాయి. అందులో ఒకటి మరీను. బొంగురు గొంతు, నూతిలోంచి వచ్చినట్టు ఉండేది. ఆ గొంతుకు ఆమె తనలో తానే ఒక మనిషిని తయారు చేసుకుంది. పెద్ద మీసాలు, బాన పొట్ట, ఇవాళో రేపో పదవీ విరమణ. బొంగురాయన అని పేరు కూడా పెట్టుకుంది. ఒకసారి ఆమెకు జలుబు చేసి గొంతు పట్టేసింది. తన మాట తాను చెప్పింది. బొంగురాయన కూడా చట్టబద్ధంగా ఎగురుతున్నానని చెప్పాడు. చెప్పి, కాసేపాగి, "వేడినీళ్లు తాగండి, మామ్మగారూ" అన్నాడు.

ఎప్పుడూ లేని మాట చెవిన పడేసరికి గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. జవాబు చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి ఆమె పళ్లు బిగబట్టి ఊరుకుంది. ఇంటికి వెళ్లాక మాత్రం అద్దం ముందు నిలబడింది.

"ఏవండీ, నా గొంతు ముసలిదానిలా ఉంటుందా?"

భర్త నోట్లో ఉన్న గుండుసూదులు తీసి, "ఎవడన్నాడు?" అన్నాడు.

"ఒక ముసలాయన."

విషయం విన్న తల్లి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. "గొంతు కాదే పిచ్చిదానా, భాష! నాకొచ్చింది మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పడవలోళ్ల భాష. నీకిచ్చింది అదే. అక్కడ ఇప్పుడు అలా ఎవరు మాట్లాడతారు? నువ్వు నోరు విప్పితే వాళ్లకి పళ్లూడిన ముసలమ్మే కనబడుతుంది."

రోజులు అలాగే సాగిపోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఏడు మాత్రం రెండు దేశాల మధ్యా మళ్లీ నిప్పు రాజుకుంది. ఎవరి గస్తీ ఓడ ఎవరి ఓడను రాసుకుందో తెలియదు గానీ, ఇక్కడి పేపర్లు వాళ్లదే తప్పన్నాయి, అక్కడివి వీళ్లదే తప్పన్నాయి. దర్జీ దుకాణానికి వచ్చినవాళ్లు కొలతలు ఇచ్చేటప్పుడు కూడా యుద్ధం మాటే ఎత్తేవారు. కేంద్రానికి పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. డ్యూటీ అధికారి దాన్ని అందరికీ చదివి వినిపించాడు. సైనిక విమానం ఏదైనా గీత దాటితే రెండు హెచ్చరికలు. అప్పటికీ తిరగకపోతే పైనున్న యుద్ధ విమానాలు తమ పని తాము చేస్తాయి.

ఆ మాట విన్నప్పటి నుంచి వెనక్కమ్మకు ముద్ద దిగలేదు. నిన్నటిదాకా తన మాట ఉత్త దగ్గు. ఇవాళ దాని వెనక తుపాకీ ఉంది. రాత్రి భోజనాల దగ్గర భర్త ఏదో చెబుతుంటే వినకుండా, "ఎవరైనా వినిపించుకోకపోతే ఎట్లా?" అంది ఉన్నట్టుండి.

"వినిపించుకుంటారులే. నీ మాట వినక ఎక్కడికి పోతారు? నేను వింటున్నానా లేదా?" అని ఆయన నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

అది జరిగింది ఒక ఉదయం పూట, ఎండ బాగా ఎక్కాక. ఎండ ఎక్కిందన్న సంగతి ఆ గదిలో తెలిసేది కాదు. కిటికీలు లేవు. యంత్రాలు వేడెక్కకుండా చలిమర ఎప్పుడూ తిరుగుతూ ఉండేది కాబట్టి వెనక్కమ్మ ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకునే కూర్చునేది. ఆమె పక్క బల్ల దగ్గర రాడార్ తెర చూసే ఉద్యోగి ఉండేవాడు. దళసరి అద్దాల వల్ల అతన్ని అందరూ కళ్లజోడు అనేవారు.

"వచ్చాడు," అన్నాడు కళ్లజోడు. "ఎప్పుడూ వచ్చే దారే. గీతకి అటువైపే ఉన్నాడు."

డ్యూటీ అధికారి పైలట్లందరికీ తెలిసిన ఉమ్మడి భాషలో ముందు హెచ్చరించాడు. తర్వాత వెనక్కమ్మ తన మాట చెప్పింది. జవాబు రాలేదు. హెడ్‌ఫోన్లలో గరగర తప్ప ఏమీ లేదు.

"సార్, వంకర తిరుగుతున్నాడు," అన్నాడు కళ్లజోడు కుర్చీలో ముందుకు వంగి. "ఇటే. గీత మీదకి వస్తున్నాడు."

అధికారి కుంటుకుంటూ వచ్చి తెర ముందు నిలబడ్డాడు. తమ యుద్ధ విమానాలు రెండు అప్పటికే గాల్లో ఉన్నాయి. వాటిని అటు పంపాడు. "ఇంకోసారి చెప్పండమ్మా."

వెనక్కమ్మ మాట తడబడకుండా చెప్పింది. "మీరు మా ప్రాదేశిక జలాలకు దగ్గరవుతున్నారు. వెనక్కి తిరగండి."

గరగర. మళ్లీ గరగర. ఆ గరగరలోంచి బొంగురు గొంతు వినిపించింది. అంతర్జాతీయ సముద్రం అనలేదు. చట్టబద్ధం అనలేదు.

"మామ్మగారూ, పొగ! లోపలంతా పొగ. పక్షుల గుంపు కొట్టింది. ఒక ఇంజన్ పోయింది. మా రేడియో కాలిపోయింది, ఇది చేతి రేడియో. వెనక్కి తిరగలేను. మా ఊరిదాకా ఎగరలేను. వింటున్నారా? మామ్మగారూ!"

ఆమె విన్నది విన్నట్టు చెప్పింది.

"గీత దాటాడు సార్," అన్నాడు కళ్లజోడు.

అధికారి ఆమె కుర్చీ పక్కకు వచ్చి వంగాడు. "అమ్మా, అది నాటకమా, నిజమా? మీకేమనిపిస్తోంది?"

వెనక్కమ్మ జీవితంలో ఇంత పెద్ద ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. నిజం అనేస్తే, అది నాటకమైతే? నాటకమంటే, అది నిజమైతే? "నాకు తెలీదు సార్," అంది. "ఒట్టేసి చెప్పలేను. కానీ ఇన్నాళ్లుగా ఆ గొంతు వింటున్నాను. అతను ఇంత భయపడగా ఎప్పుడూ వినలేదు."

అధికారి తల ఊపాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. యుద్ధ విమానం పైలట్‌ను పిలిచి, "దగ్గరికెళ్లి కళ్లారా చూసి చెప్పు," అన్నాడు. కాసేపటికి ఆ పైలట్ జవాబు వచ్చింది.

"పొగ నిజమే సార్. కుడి ఇంజన్ నల్లగా మాడిపోయింది. పక్క కిటికీలోంచి ఒకతను తెల్లగుడ్డ ఊపుతున్నాడు. చొక్కా అనుకుంటా."

అధికారి చేయి ఫోను మీదకు వెళ్లింది. పై కార్యాలయానికి చేసే ఫోను అది. ఎత్తి, ఒక క్షణం చెవి దగ్గర పెట్టుకుని, దించేశాడు. "పైవాళ్లని అడిగేలోగా వీళ్లు కింద పడతారు," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత గట్టిగా, అందరూ వినేలా అన్నాడు. "కాల్చొద్దని చెప్పండి. ఇది నా మాట. ఏమైనా నేను చూసుకుంటాను. అమ్మా, అతన్ని రమ్మనండి. ఊరవతల పొలాల్లో మందు చల్లే విమానాలు దిగే మైదానం ఉందే, అక్కడికి."

వెనక్కమ్మ మైకు దగ్గరికి లాక్కుంది. "ముందుకు రండి," అంది.

కాసేపు గరగర. "ఏమన్నారు?"

"ముందుకు రండి అన్నాను. మా వైపుకే రండి. మిమ్మల్నెవరూ ఏమీ చెయ్యరు."

"నిజంగానా మామ్మగారూ?"

"నిజంగానే బాబూ. రండి."

ఇక అక్కడి నుంచి ఆ ముగ్గురూ ఒక్క మనిషి అయిపోయారు. తెర చూసి విమానం ఎక్కడుందో చెప్పేది కళ్లజోడు. ఏం చేయాలో చెప్పేది అధికారి. దాన్ని అవతలివాడి చెవిలో వేసేది వెనక్కమ్మ. ఉమ్మడి భాషలో అధికారే నేరుగా చెప్పబోయాడు గానీ, ఆ గరగరలో పైలట్‌కు సగం మాటలే అందుతున్నాయి. అమ్మభాషలో అయితే సగం వినిపించినా మిగతా సగం తనే పూరించుకోగలుగుతున్నాడు.

చిక్కల్లా ఒకటే. వెనక్కమ్మకు వచ్చింది పడవల భాష. విమానం సంగతులకు అందులో మాటలు లేవు. "ముక్కు కొంచెం ఎత్తి పట్టుకోమనండి," అన్నాడు అధికారి. ఆమె "పడవ ముక్కు అలకి ఎత్తినట్టు ఎత్తు" అంది. "ఎడమవైపు పది డిగ్రీలు," అన్నాడు. ఎంత మళ్లితే పది డిగ్రీలవుతుందో ఆమెకు ఎలా తెలుస్తుంది? "చుక్కాని కొద్దిగా ఎడమకి. కొద్దిగానే. ఆఁ, చాలు, చాలు," అంది, కళ్లజోడు వేలు చూస్తూ. అవతల బొంగురు గొంతు ఒక్కసారి కూడా అర్థం కాలేదనలేదు. "సరే," అనేది. "తిప్పాను," అనేది. మధ్యలో ఒకసారి, "గట్టు కనబడుతోంది మామ్మగారూ!" అని అరిచింది.

"గట్టు దాటాక చింకి గుడ్డ ఒకటి కర్రకి ఎగురుతుంటుంది, గాలి ఎటుందో చూసుకో. గడ్డి మైదానం. పక్కన తోట ఉంటుంది, దాని జోలికి పోకు."

"చక్రాలు దించమనండి," అన్నాడు అధికారి. ఆ మాట అన్నాక ఆయన పెదవి కొరుక్కోవడం ఆమె చూసింది. చక్రాలు దిగితే విమానం బరువెక్కినట్టు ఈడుస్తుందనీ, ఉన్న ఒక్క ఇంజన్ తట్టుకోకపోవచ్చనీ ఆమెకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది. తెలియకపోవడమే మంచిదయింది.

"ఒకవైపు చక్రం దిగడం లేదు," అంది బొంగురు గొంతు. ఈసారి అందులో వణుకు లేదు, నీరసం ఉంది.

"అయితే రెండూ వద్దు. అన్నీ లోపలికి లాగేయమనండి. పొట్ట మీద దిగాలి," అన్నాడు అధికారి. "గడ్డి మీద జారితే జారనీ."

"ఇసుక మీదకి పడవని లాగుతారే, అలా పొట్ట మీద జారించెయ్యి. భయపడకు. నేనిక్కడే ఉన్నాను," అంది వెనక్కమ్మ. ఆ చివరి మాట అధికారి చెప్పమన్నది కాదు.

"మామ్మగారూ," అన్నాడతను, ఇంకేదో అనబోయి. అక్కడితో గొంతు తెగిపోయింది. తెర మీది చుక్క కూడా మాయమైంది. నేలకు అంత దగ్గరైతే రాడార్‌కు కనబడదని కళ్లజోడు గబగబా చెప్పాడు. ఎవరికి చెప్పాడో అతనికే తెలియదు.

గదిలో చలిమర హోరు ఒక్కటే. వెనక్కమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "బాబూ," అంది ఒకసారి. జవాబు లేదు. అధికారి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు గోడ పక్కనున్న ఫోను మోగింది. అధికారి ఎత్తాడు. మైదానం కాపలాదారు. అతనికి ఫోనులో మాట్లాడటమంటే అరవడమే. చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేకుండా గదంతా వినిపించింది.

"దిగిందండీ! దిగింది! కంచె తెంపుకుని పోయి నా క్యాబేజీ తోటలో ఆగింది. మంటలేం లేవు. నీళ్ల బండి కొడుతోంది నీళ్లు. మనుషులు దిగుతున్నారు. అందరూ నడుస్తున్నారండీ. ఒకడికి నుదుటి మీద రక్తం, అంతే. చొక్కా లేనివాడొకడు క్యాబేజీలు చూపించి నాకు దండం పెడుతున్నాడు. సారీ చెబుతున్నాడనుకుంటా, నాకా భాష రాదు. ఏం చెప్పమంటారు?"

"ఏం ఫర్లేదని చెప్పు," అన్నాడు అధికారి. అని, గోడకు ఆనుకునే కిందికి జారి, చెడిన మోకాలు బార్లా చాపుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

కళ్లజోడు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకోవలసింది అద్దాలు కాదు, కళ్లు. వెనక్కమ్మకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా వచ్చింది, తర్వాత ఆపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతున్నావని ఎవరూ అడగలేదు. టీ కాచే మనిషి లోపలికి వచ్చి, నేల మీద అధికారినీ, ఏడుస్తున్న కళ్లజోడునీ, నవ్వుతున్న వెనక్కమ్మనీ చూసి, ఏదో ఘోరం జరిగిపోయిందనుకుని కప్పులు అక్కడే పెట్టేసి పారిపోయాడు.

సాయంత్రం ఆమెను ఆస్పత్రికి పంపారు. డాక్టర్లకూ వాళ్లకూ మధ్య మాట కలపడానికి మనిషి కావాలి. తలుపు దగ్గర కాపలా ఉంది. లోపల మంచాల మీద మసి కొట్టుకున్న మొహాలు. బాన పొట్ట మనిషి కోసం ఆమె కళ్లు వెతికాయి. లేడు. నుదుటికి కట్టు కట్టించుకున్నాయన ఒకరు పెద్దవాడే గానీ, పీల గొంతు. చివరి మంచం మీద, ఆస్పత్రి వాళ్లిచ్చిన వదులు చొక్కాలో, పుల్లలా సన్నటి యువకుడు. మీసం సరిగా మొలిచినట్టు కూడా లేదు.

"దాహంగా ఉంది. నీళ్లు దొరుకుతాయా?" అన్నాడు వాళ్ల భాషలో.

నూతిలోంచి వచ్చిన గొంతు. వెనక్కమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆమే నీళ్లు పోసి ఇచ్చింది. "మెల్లగా తాగు బాబూ. పొరబోతుంది," అంది.

అతను గ్లాసు దించి ఆమెను చూశాడు. ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని పక్కకు వంగి మరీ చూశాడు. "మామ్మగారు ఎక్కడ?"

"నేనే."

"మీరా?" అతని మొహం మసి కిందనుంచి కూడా ఎర్రబడింది. "అయ్యో! మా వాళ్లందరం... తలపండిన ఆవిడ అనుకున్నామండీ. మీకు జలుబు చేసిన రోజైతే పాపం ఈ వయసులో ఎందుకు పని చేయిస్తున్నారో అనుకున్నాం."

"నువ్వు పదవీ విరమణకి దగ్గరున్నావని నేననుకున్నాలే," అంది వెనక్కమ్మ. పక్క మంచాల వాళ్లు నవ్వారు. కాపలా జవాను తొంగి చూశాడు. అతనికి భాష రాకపోయినా, నవ్వు చూసి అతనూ నవ్వాడు.

వాళ్లను ఇంటికి పంపడానికి రెండు దేశాల పెద్దలూ కొన్నాళ్లు మాట్లాడుకున్నారు. ఈలోగా వెనక్కమ్మ తల్లి ఊరుకోలేదు. "నా భాష మాట్లాడే మనుషులు ఊళ్లోకొస్తే నేను ఇంట్లో కూర్చోవాలా?" అని రాద్ధాంతం చేసింది. అధికారి అనుమతి ఇప్పించాడు. అల్లుడు చేయి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. మంచం పక్క కుర్చీ వేయించుకుని, కుర్రాడిని ఎగాదిగా చూసి, మొట్టమొదట తిట్టింది.

"ఇంత దూరం వచ్చి మమ్మల్ని తొంగి చూసిపోడానికి నీకింకో పని దొరకలేదా?"

"ఉద్యోగం మామ్మగారూ," అన్నాడు. ఈసారి ఆ పిలుపు సరైన మనిషికే చేరింది. "మీరు మాట్లాడుతుంటే అచ్చం మా మామ్మ మాట్లాడినట్టుంది. ఆవిడా పడవలవాళ్ల పిల్లే."

ఇంకేముంది, తిట్లు ఆగిపోయాయి. ఏ ఊరు, ఏ వీధి, ఎవరి అమ్మాయి అని ఆరా మొదలైంది. చుట్టరికం ఏదైనా తేలుతుందేమోనని తల్లి ఎంత గట్టిగా లాగినా తేలలేదు. ఆమెకు ఆ బాధేమీ లేదు. కూతురితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని మాటలన్నీ ఆ మధ్యాహ్నం గలగలా బయటికొచ్చాయి. మాట్లాడీ మాట్లాడీ కుర్చీలోనే కునుకు తీసింది. అల్లుడు మాత్రం ఒక్క ముక్క అర్థం కాకుండా ఓపిగ్గా కూర్చుని, లేచేముందు అందరి వదులు చొక్కాలకూ గుండుసూదులు పెట్టి, మర్నాటికల్లా కొలతకు కుట్టి తెచ్చాడు.

ఒక పొద్దున గీత దగ్గరికి అవతలి ఓడ వచ్చింది. ఇవతలి ఓడ వాళ్లను తీసుకెళ్లి అప్పగించింది. రెండు వైపులా పేపర్లలో అప్పగింత ఫొటోలు పడ్డాయి. తిట్ల జోరు కాస్త తగ్గింది. స్నేహం కుదిరిందని చెప్పలేం గానీ, ఓడలు ఒకదానికొకటి కాస్త ఎడంగా తిరగడం మొదలైంది.

మిగిలింది విచారణ. ఉత్తర్వు ఒకటైతే అధికారి చేసింది ఇంకొకటి. పెద్ద ఊళ్లోని పెద్ద భవనానికి పిలిచారు. వెనక్కమ్మ కూడా సాక్ష్యం చెప్పాలి. ముందురోజంతా ఆమె చీపురు పట్టిన చోటే మళ్లీ మళ్లీ ఊడ్చింది. తనవల్ల ఆయన ఉద్యోగం పోతుందేమోనని బెంగ. "ఒట్టేసి చెప్పలేను" అన్న తన మాటే ఆయనకు ఉరితాడవుతుందేమోనని భయం.

బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన నెమ్మదస్తుడే. "అది నిజమని మీకెలా తెలిసిందమ్మా?" అని అడిగాడు.

"తెలీలేదండీ. తెలీదనే సార్‌కి చెప్పాను. గొంతు భయపడుతోందని మాత్రం చెప్పాను. ఆ తర్వాత సార్ మనిషిని పంపి చూపించారు. చూశాకే రమ్మన్నారు."

"ఆయన అడక్కపోతే మీరు చెప్పేవారా?"

వెనక్కమ్మ ఆలోచించింది. "చెప్పేదాన్నండీ. కుర్చీ దిగి మరీ చెప్పేదాన్ని," అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది.

బయట వరండాలో బెంచీ మీద అధికారీ, ఆమే పక్కపక్కన కూర్చున్నారు. ఆయన మోకాలు నిమురుకుంటున్నాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అధికారిని లోపలికి పిలిచారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహంలో ఏమీ కనబడలేదు. దగ్గరికి వచ్చాక మాత్రం పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఉత్తర్వు తిరగరాస్తారట. ప్రమాదంలో ఉన్న విమానం సంగతి దాన్లో రాయలేదు, తప్పు ఉత్తర్వుదే అన్నారు. నేను చేసింది సరేనట."

"మరి మీకేం కాదా సార్?"

"ఏమీ కాదమ్మా. వచ్చే వారం డ్యూటీ మామూలే."

వెనక్కమ్మ గుండెల మీంచి బండ దిగింది. ఆయన ముందు ఏడవకూడదని గబగబా మెట్లు దిగేసింది. రోడ్డవతల చెట్టు కింద భర్త నిలబడి ఉన్నాడు. దుకాణం మూసి పొద్దున్నే ఆమె వెంట బయల్దేరిన మనిషి. బస్సులో వచ్చినంతసేపూ నోరు మెదపలేదు. ఆ నోరు అలా మూతపడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది?" అన్నాడు.

"ఏం కాలేదు."

"ఏం కాలేదా?"

"ఎవరికీ ఏం కాలేదండీ," అంది. అని చెట్టు కిందే, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే, ఆయన భుజం మీద తల పెట్టుకుని బావురుమంది. ఆయన కంగారుపడి, జేబులో చేతిరుమాలు దొరక్క, మెడలో వేలాడుతున్న కొలత టేపుతోనే ఆమె కళ్లు తుడవబోయాడు. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది.

బస్సులో కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టాడు. బస్సు కదిలిందో లేదో ఆయన నోరు కూడా కదిలింది. మొన్న ఒకడు ప్యాంటు తెచ్చి, నడుం దగ్గర వదులు చెయ్యమన్నాడట. చేస్తే, ఇంటికెళ్లి మళ్లీ వచ్చి, ఇది తనది కాదు, తన తమ్ముడిదన్నాడట. ఆ తమ్ముడేమో... వెనక్కమ్మ ఊఁ కొడుతూ, బస్సు ఊళ్లోకి వచ్చేదాకా హాయిగా వింటూ కూర్చుంది.